తడిలో ఊడని పేర్లు

రహీమున్నీసాకు ఒక అలవాటు ఉంది. చేతికి ఏ సీసా వచ్చినా అందులో ఏముందని చూడదు. ముందు దాని మీది లేబులు అంచును గోటితో గీరి చూస్తుంది. అంచు లేస్తే పెదవి విరుస్తుంది. లేవకపోతే సీసాను అటూ ఇటూ తిప్పి, మెచ్చుకోలుగా తలూపి కింద పెడుతుంది. మరిది మోయిజ్‌కు సంబంధం చూడటానికి వెళ్ళిన ఇంట్లో కూడా షర్బత్ సీసా మీద ఇదే పని చేసిందని ఆమె భర్త జానీ మియా ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

"పిల్ల ఎట్లున్నదో చూడమని తోల్కపోతే, సీసా ఎట్లున్నదో చూసొచ్చింది" అంటాడు.

భద్రాచలం బస్టాండు వెనక వీధిలో, టీ కొట్టుకూ సైకిళ్ళ షాపుకూ నడుమ ఉన్న పొడవాటి గది ఆమెది. అడవి తేనె సీసాలకు, చింతపండు ప్యాకెట్లకు, పచ్చళ్ళకు, అగరుబత్తుల డబ్బాలకు కావలసిన లేబుళ్ళన్నీ అక్కడే తయారవుతాయి. ఆమెకు యాభై దాటాయి. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు కొన మీదే ఉంటుంది. మెషిన్ నడుస్తున్నంతసేపూ మాట్లాడదు, అది ఆగితే మాత్రం ఆమెను ఎవరూ ఆపలేరు.

పుట్టింది ఖమ్మంలో. తండ్రికి శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి కదా, బడిలో మామూలు అక్షరాలు కుదురుకునేలోపే ఆ పిల్లకు తిరగబడ్డ అక్షరాలు చదవడం వచ్చేసింది. పెళ్ళయి భద్రాచలం వచ్చాక కొన్నాళ్ళు ఆ విద్యతో పని పడలేదు. జానీ మియాకు ట్రాలీ ఆటో ఉండేది. అడవి ఊళ్ళ మహిళా సంఘాల తేనె సీసాలు బస్టాండుకు చేరవేసేవాడు. ఒకరోజు ఇంటి ముందు ఆటో ఆపి టీ తాగుతుంటే ఆమె ఆ సీసాలు చూసింది. మైదా పిండి ఉడికించి అంటించిన కాగితాలు. సగం కాగితాలను చీమలు కొరికేశాయి, మిగతా సగం ఎండకు విచ్చుకుని లేచిపోయాయి.

"ఇంత మంచి తేనెకు ఇట్లాంటి కాయితమా?" అంది.

"నువ్వు చెయ్యరాదూ, ఊకె అనుడెందుకు?" అన్నాడతను, మాటవరసకు.

ఆమె మాటవరసకు తీసుకోలేదు. స్టిక్కర్ షీట్లు తెప్పించి, చెక్క చట్రానికి బట్ట బిగించి, ఒక్కో లేబులూ చేత్తో అచ్చు వేయడం మొదలుపెట్టింది. అలా కొన్నేళ్ళు గడిచాక విజయవాడలో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత లేబుల్ మెషిన్ ఆ పొడవాటి గదిలోకి వచ్చింది.

మెషిన్ బిగించడానికి వచ్చినతను ఒక పూటలో పని ముగించి, గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషు మాటలు చెప్పి బస్సెక్కేశాడు. అందులో చాలా మాటలు ఆమెకు గుర్తు లేవు. పని మాత్రం కళ్ళతో పట్టుకుంది. పనికి మాటలు కావాలి కాబట్టి తన మాటలు తనే పెట్టుకుంది. లేబులంటే మూడు పొరలు. పైన అచ్చు పడేది 'ముఖం'. నడుమ జిగురు. అడుగున, జిగురు అంటుకోకుండా ఊడొచ్చేది 'నున్న కాయితం'. మెషిన్‌లో ఉక్కు అచ్చు దిగి లేబులు ఆకారాన్ని కోశాక, లేబుళ్ళ చుట్టూ మిగిలిపోయిన వలలాంటి వ్యర్థాన్ని లాగి చుట్టేస్తారు. దాన్ని ఆమె 'పొట్టు' అంది. సీసా మీద అంటించిన లేబులు అంచు లేచి నిలబడితే 'జెండా లేచింది' అంది.

కూతురు జెబా డిగ్రీ చదివి, కంప్యూటర్ మీద డిజైన్లు నేర్చుకుని తల్లి దగ్గరే పనిలో కుదిరింది. ఆర్డర్లు మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు మాటలు ఆమె చూసుకునేది. ఒక్క మాట దగ్గర మాత్రం తల్లీకూతుళ్ళకు పేచీ. ఉక్కు అచ్చు ముఖాన్నీ జిగురునూ మాత్రమే కోసి, నున్న కాగితాన్ని తాకీ తాకనట్టు ఆగిపోవాలి. లేబుల్ పనంతా ఆ కోత మీదే నడుస్తుంది. దాన్ని ఇంగ్లీషులో 'కిస్ కట్' అంటారని జెబా చెప్పింది.

"తోబా! ముద్దు కోతనా? కస్టమర్ల ముందట గా మాట అనకు" అంది రహీమున్నీసా.

"అందరూ అనేదే కదా అమ్మీ."

"అందరూ అననీ. మనం వేరే మాట పెడదాం."

ఆ వేరే మాట ఆమెకు చాలాకాలం దొరకలేదు.

ఒక ఏడు వానలు ముదిరిన రోజుల్లో, షాపు ముందు గొడుగు ముడిచి ఒకామె లోపలికొచ్చింది. పేరు నాగలత. అడవి ఊళ్ళు తిరిగే ఒక ట్రస్టు వాన్ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. మణుగూరు దాటి లోపలున్న కోయ గూడెంలో పుట్టి పెరిగింది. వారంలో సగం రోజులు వాన్‌లో ఊళ్ళు తిరిగి రక్తం నమూనాలు తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టి భద్రాచలంలోని ట్రస్టు ల్యాబుకు తెస్తుంది. ఆ ట్యూబులకు అంటించే లేబుళ్ళు రహీమున్నీసా దగ్గరే కొంటారు.

నాగలత సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో తడిసి ముడుచుకుపోయిన లేబుళ్ళు ఉన్నాయి. పేర్లు రాసిన సిరా నీలంగా కారిపోయి ఉంది.

"ఏంది బిడ్డా ఇవి?"

"మీ లేబుళ్ళే అక్కా. మొన్న పెట్టె తెరిస్తే ట్యూబులు ఒక దిక్కు, ఇవి ఒక దిక్కు. ఐసు కరిగిన నీళ్ళల్ల తేలుతున్నయ్."

రహీమున్నీసా ఒక లేబులు తీసి వేలితో వెనక తడిమింది. జిగురు పాలిపోయి జారుగా ఉంది.

"మరి ఆ రక్తం?"

"పేరు ఊడినంక అది ఎవరి రక్తమూ కాదక్కా. పారబొయ్యాల్నె. మళ్ళీ ఊరికి పోయి, మళ్ళీ సూది పొడవాలె. జంపయ్య తాత అయితే జ్వరంతోని వాగు దాటొచ్చి ఇచ్చిండు. మళ్ళీ ఇయ్యమంటే, మీకు నెత్తురు దాచుడు చాతగాదా అని గుడిసెలకు పోయి పండుకున్నడు." నాగలత నిలదీయడానికి వచ్చినట్టు లేదు. అలిసిపోయి ఉంది. "నేను తిట్టడానికి రాలేదక్కా. ఏమన్నా చెయ్యొచ్చా అని అడుగుదామని వచ్చిన."

రహీమున్నీసా ఆ లేబుళ్ళను ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. తేనె సీసా లేబులు ఊడితే తేనె ఎక్కడికీ పోదు. ఇది అలాంటిది కాదు. మనిషి వాగు దాటి వచ్చి ఇచ్చిన రక్తం తన కాగితం మూలంగా నేలపాలైంది. ఆమె కుర్చీలోంచి లేచింది.

"మీ వాన్ మళ్ళెప్పుడు పోతది?" అని అడిగింది.

"ఎల్లుండి."

"నేనూ వస్తా. మీరు ఎట్ల అంటిస్తరో చూడాలె."

వాన్ వెళ్ళిన ఊరు అడవి నడుమ ఉంది. దారిలో రెండు చోట్ల దిగి తోయాల్సి వచ్చింది. బడి వరండాలో బల్ల వేసి నాగలత రక్తం తీస్తుంటే రహీమున్నీసా పక్కన మోడా మీద కూర్చుని చూసింది. జనం కమ్ముకుని ఉన్నారు. జల్లు లోపలికి కొడుతోంది. రక్తం తీయగానే ట్యూబు ఐసు పెట్టెలోకి వెళ్ళిపోతోంది. నలుగురైదుగురివి అయ్యాక నాగలత వాటిని వరుసగా బయటికి తీసి, తడి చేత్తో తుడిచి, లేబుళ్ళు అంటిస్తోంది. చలికి ట్యూబు మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు మళ్ళీ లేస్తున్నాయి. జిగురు గాజుకు తగలడం లేదు, నీటికి తగులుతోంది. ట్యూబు చూస్తే చిటికెన వేలంత సన్నం. దళసరి కాగితాన్ని అంత చిన్న గుండ్రానికి చుడితే అది తిరిగి నిటారుగా లేవాలనే చూస్తుంది. రహీమున్నీసా చూస్తుండగానే ఒక లేబులు కొస లేచింది.

"జెండా లేచింది చూడు" అంది.

నాగలతకు మొదట అర్థం కాలేదు. ఆమె వేలు పెట్టి చూపించాక నవ్వింది. "అవ్ అక్కా, నిజంగనే జెండా."

పని అయ్యాక ఇద్దరూ వాగు అవతల ఉన్న జంపయ్య గుడిసెకు వెళ్ళారు. తాతకు జ్వరం కాస్త తగ్గింది కానీ కోపం తగ్గలేదు. నాగలత కోయ భాషలో ఏదో చెప్పింది. ఆయన రహీమున్నీసా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఆ కాయితం జేసింది నువ్వేనా?"

"నేనే తాతా. తప్పు నాదే. బాగ చేసి తెస్తా."

ఆయన ఆమెను పరీక్షగా చూశాడు. తప్పు ఒప్పుకునే మనిషి పట్నం నుంచి వస్తుందని అనుకోలేదేమో, మంచం మీద జాగా చూపించి కూర్చోమన్నాడు. మాటల్లో తన పని చెప్పుకొచ్చాడు. తపసి చెట్ల బంక తీయడం ఆయన పని. గుడిసె వెనకే ఒక తపసి చెట్టు, దాని తెల్లటి బెరడు మీద మానిపోయిన పాత గాట్లు కనిపిస్తున్నాయి. జిగురు పని చేసే మనిషికి జిగురు కారే చెట్టు కనబడితే ఊరుకుంటుందా? వానలోనే దగ్గరికి వెళ్ళి గాట్లు తడిమి చూసింది.

"లోతుగ నరికితే ఎక్కువ బంక రాదా తాతా?"

"తోలు వరకే గీరాలె" అన్నాడు జంపయ్య గుమ్మంలోంచి. "లోపలి కట్టెకు కత్తి తగిలిందా, చెట్టు ఎండిపోతది. చెయ్యికి తెలుస్తది ఎక్కడ ఆగాల్నో."

తిరిగి వచ్చిన మర్నాడే ఆమె విజయవాడకు ఫోన్ చేసింది. లేబుల్ సరుకు సరఫరా చేసే కంపెనీ తరఫున మురళీకృష్ణ అనే అతను మాట్లాడతాడు. మర్యాదస్తుడు, ఓపిక గలవాడు.

"సార్, నాకు వేరే జిగురు కావాలె. చల్లటి ట్యూబుకు పట్టాలె, తడికి వదలొద్దు. ముఖం పలచగ ఉండాలె, వేలంత సన్నం గుండ్రానికి చుట్టినా జెండా లేవొద్దు. దాని మీద పెన్నుతో రాస్తే సిరా కారొద్దు."

"జెండా లేవడమంటే ఏంటండీ?"

ఆమె వివరించింది. అవతల అతని నవ్వు వినిపించింది. "మేం కూడా దాన్ని ఫ్లాగింగ్ అనే అంటామండీ రహీమున్నీసా గారూ. ఫ్లాగ్ అంటే జెండాయే కదా. మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే సార్. లేచిన అంచు గట్లనే కనబడ్డది."

ఈ మాట ఫోన్ స్పీకర్‌లో విన్న జెబా తల్లి వైపు కొత్తగా చూసింది. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో పెట్టిన పేరూ, బస్టాండు వెనక గదిలో తన తల్లి పెట్టిన పేరూ ఒకటే అయ్యాయి. తల్లి మాటలను సరిదిద్దడం ఆ రోజు నుంచి మానేసింది.

మురళీకృష్ణ ఇంకో సంగతి కూడా చెప్పాడు. జిగురుకు రెండు రకాల బలం ఉంటుందట. అంటించిన క్షణంలో పట్టుకునేది ఒకటి, కొన్ని గంటలు కుదురుకున్నాక వచ్చేది ఇంకొకటి. రెండోదే అసలు బలం. అది రాకముందే తడిలో ముంచితే ఎంత మంచి జిగురైనా వదిలేస్తుంది. రహీమున్నీసాకు వెంటనే వెలిగింది. ఊరికి బయల్దేరక ముందు రోజే, పొడి గదిలో, ఖాళీ ట్యూబులకు ఖాళీ లేబుళ్ళు అంటించి పెట్టుకోవాలి. అప్పటికి జిగురు కుదురుకుంటుంది. ఊళ్ళో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పేరు రాస్తే చాలు. నాగలతకు చెబితే, "ఇది మాకెందుకు తోచలేదక్కా" అని ఆశ్చర్యపోయింది.

ఆర్టీసీ కార్గోలో నమూనా రోల్స్ వచ్చాయి. ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. జానీ మియా చేపల మార్కెట్ నుంచి ఐసు గడ్డలు తెచ్చి బకెట్లో వేసేవాడు. జెబా ట్యూబుల మీద చుట్టాలందరి పేర్లూ రాసి అందులో ముంచేది. పొద్దున ముంచి సాయంత్రం తీసేవారు.

మొదటి రకం తీసి చూస్తే సగం మంది చుట్టాలు అడుగున పడి ఉన్నారు.

"మీ తమ్ముడు ఊడిండు" అంది రహీమున్నీసా భర్తతో, మోయిజ్ పేరున్న లేబులు నీళ్ళలోంచి ఎత్తి చూపిస్తూ.

"వాడు ఎక్కడ నిలబడ్డడు గనక" అన్నాడు జానీ మియా. "మరి నీ అక్క?"

"మా అక్క చూడు, గట్టిగ పట్టుకున్నది. కానీ సిరా కారింది. మొకం నల్లగైంది."

రెండో రకం జిగురు బాగుంది, రాత నిలవలేదు. ఆ తర్వాత వచ్చినది పలచటి ప్లాస్టిక్ ముఖం. పైన పెన్ను పట్టేలా గరుకు పూత ఉంది. సన్నటి ట్యూబుకు చర్మంలా అతుక్కుంది. బకెట్లోంచి తీస్తే చుట్టాలందరూ ఎవరి ట్యూబు మీద వాళ్ళు ఉన్నారు. జెబా చప్పట్లు కొట్టింది.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. ఆ సరుకు మెషిన్‌కు ఎక్కించి కోస్తే, ఉక్కు అచ్చు నున్న కాగితాన్ని కూడా తెగ్గోసేస్తోంది. పాత కాగితం ముఖం దళసరి కాబట్టి అచ్చు కాస్త బలంగా దిగినా తట్టుకునేది. ఈ పలచటి దానికి ఆ బలం ఎక్కువ. పొట్టు లాగుతుంటే లేబుళ్ళు కూడా దాంతో పాటే లేచొచ్చేస్తున్నాయి. బలం తగ్గిస్తే ఒక పక్క కోత పడటం లేదు. రోజంతా అలాగే గడిచింది. నేలంతా చిరిగిన ముక్కలు.

"ఇది కాదమ్మీ. మన పాత మెషిన్‌కు ఇంత నాజూకు పని ఎట్ల చాతనైతది? ట్రస్టు వాళ్ళకు చెప్పేద్దాం, హైదరాబాద్‌ల చేయించుకోమని" అంది జెబా.

రహీమున్నీసా ఒక చిరిగిన ముక్క తీసి వెలుతురుకు పట్టి చూస్తోంది. జంపయ్య తాత గుమ్మంలోంచి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"తోలు కోత" అంది పైకే.

"ఏందీ?"

"దీని పేరు తోలు కోత. తోలు వరకే తెగాలె. కట్టెకు తగలొద్దు. చెట్టు తోలు కూడా అన్ని దిక్కుల ఒక్క తీరుగ ఉండదు కదా, ఆ తాత చెయ్యి చూసుకుంట గీరుతడు. మనం అచ్చు మొత్తం మీద ఒక్కటే బలం పెడుతున్నం. ఏడ లోతు పోతున్నదో, ఏడ పోతలేదో ముందు చూద్దాం."

నున్న కాగితం మీద నీలం సిరా పూసి చూడటం ఆమె పాత పద్ధతి. కోత లోతుగా దిగిన చోట సిరా కాగితంలోకి ఇంకి గీతలా కనిపిస్తుంది. దిగని చోట తుడిస్తే పోతుంది. ఈసారి అచ్చు మొత్తాన్నీ అలా మూల మూలనా చూసింది. ఎడమ పక్క గీతలు ముదురుగా ఉన్నాయి, కుడి కింది మూలన అసలు లేవు. ఏళ్ళ తరబడి నడిచి, అచ్చు వచ్చి నొక్కే మెషిన్ పీట ఒక పక్క అరిగిపోయింది. దళసరి కాగితం కోసినంత కాలం ఆ సంగతి బయటపడలేదు. బలం మొత్తంగా తగ్గించి, దిగని మూలన అచ్చు కింద పలచటి టేపు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటిస్తూ వెళ్ళింది. అంటించడం, కోయడం, సిరా పూయడం, చూడటం. జెబా కూడా పక్కన చేరి టేపు ముక్కలు కత్తిరించి అందించింది. జానీ మియా రెండుసార్లు అన్నానికి పిలిచి, చివరికి పళ్ళాలు అక్కడికే తెచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పొట్టు తెగకుండా, చిరగకుండా, పొడవాటి జాలరు వలలా మెషిన్‌లోంచి లేచొచ్చింది. వెనక నున్న కాగితం మీద లేబుళ్ళు వరుస తప్పకుండా నిలిచి ఉన్నాయి. సిరా పూస్తే ఎక్కడా గీత పడలేదు. రహీమున్నీసా మెషిన్ ఆపి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ పొట్టు చుట్ట పారేయనివ్వలేదు. మేకుకు తగిలించింది.

ఆ లేబుళ్ళు వాన్ ఎక్కిన కొద్ది రోజులకే గోదావరి పొంగింది. మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. దారులన్నీ మునిగాయి. అవతలి ఒడ్డున రెండు గూడేల జనం ఎత్తుగా ఉన్న బడిలో తలదాచుకున్నారు. అక్కడ జ్వరాలు మొదలయ్యాయని కబురొస్తే, నాగలత తోటి నర్సుతో కలిసి రెస్క్యూ బోటులో వెళ్ళింది. ఆమె అక్కడే ఉండిపోయి, రక్తం నమూనాలు మాత్రం ఐసు పెట్టెలో బోటు మీద వెనక్కి పంపింది.

ఆ రోజు రహీమున్నీసా కొత్త లేబుళ్ళ కట్ట ఇవ్వడానికి భర్త ఆటోలో ట్రస్టు ల్యాబుకు వెళ్ళింది. వాళ్ళు అక్కడ ఉండగానే పెట్టె వచ్చింది. తెచ్చిన కుర్రవాళ్ళు నిలువునా తడిసి ఉన్నారు. బోటు చెట్ల మధ్య చిక్కుకుని ఆలస్యమైందట. పెట్టె మూత పక్కకు జరిగి, వాన నీళ్ళూ, కరిగిన ఐసూ కలిసి అంచు దాకా నిండి ఉంది.

ల్యాబు డాక్టరు పద్మప్రియ పెట్టెలోకి తొంగి చూసి, "అయ్యో" అంది. ఆమె ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. అంతకు ముందు ఊడిపోయిన పేర్ల సంగతి మాత్రం విని ఉంది.

రహీమున్నీసా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇంట్లో బకెట్లో ముంచి చూసింది నిజమే. ఇంట్లో బకెట్టు వేరు, గోదారి మీద పెట్టె వేరు. జానీ మియా ఆమె మోచేతిని పట్టుకున్నాడు.

పద్మప్రియ చేతికి తొడుగు వేసుకుని నీళ్ళలోంచి ఒక ట్యూబు తీసింది. తిప్పి చూసి, పైకి చదివింది.

"సోడె లక్ష్మయ్య."

ఇంకొకటి తీసింది. "కుంజా దేవమ్మ." ఇంకొకటి. "పాయం ముత్తమ్మ."

ఒక్కో ట్యూబూ నీళ్ళు కారుతూ పైకి వస్తోంది. ఒక్కో దాని మీదా నాగలత గుండ్రటి చేతిరాత, కారకుండా, చెదరకుండా. డాక్టరు చదువుతుంటే పక్కన ఒకతను స్టాండులో నిలబెడుతున్నాడు. పెట్టె ఖాళీ అయ్యాక పద్మప్రియ నీళ్ళలో చెయ్యి పెట్టి అడుగంతా కలియబెట్టి చూసింది. ఊడిన కాగితం ఒక్కటీ లేదు.

"ఒక్కటి కూడా పోలేదు" అంది ఎవరితోనో కాదు, తనలో తానే.

రహీమున్నీసా ముందుకు వెళ్ళి, స్టాండులోని ఒక ట్యూబు లేబులు అంచును గోటితో గీరింది. లేవలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాడు జానీ మియా. ఆమె నవ్వింది.

పరీక్షల్లో పాయం ముత్తమ్మకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. మిగతా వాళ్ళకు అక్కడే మందులు సరిపోతాయి, ఆమెను మాత్రం వెంటనే తీసుకురావాలి. అదే బోటు తిరిగి వెళ్ళి, బడిలో అంతమంది మధ్యలో ముత్తమ్మను పేరు పెట్టి పిలిచి ఎక్కించుకుని వచ్చింది. దవాఖానాలో కొన్ని రోజులుండి ఆమె కోలుకుంది.

నీళ్ళు తగ్గాక నాగలత షాపుకు వచ్చింది. ఈసారి వెంట, ఇంటికి వెళ్ళే బస్సు కోసం బస్టాండుకు వచ్చిన ముత్తమ్మ కూడా ఉంది. నాగలత పక్కన కూర్చుని జరిగినదంతా చెబుతుంటే ముత్తమ్మ మెషిన్ వైపు చూస్తూ వింది. తెలుగు ఆమెకు అంతంతే. చివరికి లేచి రహీమున్నీసా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో అంది.

"ఏమంటున్నది?" అని అడిగింది రహీమున్నీసా.

"నా పేరు ఆగం కాకుండ చూసినవని అంటున్నదక్కా."

రహీమున్నీసా నున్న కాగితం మీంచి ఒక లేబులు తీసి, దాని మీద ముత్తమ్మ పేరు రాసి ఆమె చేతిసంచికి అంటించింది. "ఇంక నీ సంచి కూడా ఏడా పోదు" అంది. ముగ్గురూ నవ్వారు.

ట్రస్టు వాళ్ళు మిగతా వాన్‌లకు కూడా ఆ లేబుళ్ళే కావాలన్నారు. డాక్టరు పద్మప్రియ స్వయంగా షాపుకు వచ్చి, "లేబులు కింద చిన్న అక్షరాల్లో మీ ప్రెస్సు పేరు వేసుకోండమ్మా. ఎవరు చేశారో అందరికీ తెలియాలి" అంది.

జెబా ఉత్సాహంగా అప్పటికప్పుడు కంప్యూటర్ మీద పేరు పేర్చి చూపించింది. రహీమున్నీసా చాలాసేపు తెర వైపు చూసింది. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకు ఇష్టం లేక కాదు. చివరికి తల అడ్డంగా ఊపింది.

"ఆ జాగాల ఊరి పేరు రాసుకునేటట్టు ఒక గీత పెట్టు. ఒక్కో గూడెంల ముగ్గురు ముత్తమ్మలు ఉంటరంట, నాగలత చెప్పింది. ఊరు పేరు ఉంటే తారుమారు కాదు."

"మరి మీ పేరు?" అంది డాక్టరు.

"నా పేరు ఈ వీధిల అందరికి ఎరికేనమ్మా."

జానీ మియాకు ఇది నచ్చలేదు. ఇంట్లో ఆ సాయంత్రమంతా గొణిగాడు. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆటో తీసుకుని సారపాకలో పెయింటర్ దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ట్రాలీ వెనక తలుపు మీద పసుపు రంగులో, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు: రహీమున్నీసా లేబుల్స్, భద్రాచలం. కింద ఇంకో వరస: తడికి ఊడవు.

రహీమున్నీసా గుమ్మంలో నిలబడి చదివింది.

"ఏందిది? ఊరంతా నవ్వుతరు."

"నవ్వనీ" అన్నాడతను. "పొద్దటి సంది బ్రిడ్జి మీద ఇద్దరు ఆపి అడిగిండ్రు, ఎవరీ రహీమున్నీసా అని. నా భార్య అని చెప్పిన."

ఆమె దగ్గరికి వచ్చి, రంగు ఆరిందో లేదోనని అక్షరాల అంచు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత తేనె సీసాల లేబుళ్ళ కట్టలు తెచ్చి ట్రాలీలో పెట్టించింది. "జల్దీ పో, పది గంటల బస్సు పోతది" అని అతన్ని తొందరపెట్టి, లోపలికెళ్ళి మెషిన్ ఆన్ చేసింది.